ప్రశ్నలమ్మ ముఖంలో పై సగం

అత్తగారు ఇల్లు వదిలి పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళిపోతానని చెప్పిన రోజున ప్రశ్నలమ్మ ఏమీ అనలేదు. అనాల్సింది చాలా ఉంది. కానీ ఏదైనా అనడం ఆమెకు అలవాటు తప్పి చాలా కాలమైంది.

"ఆదివారం పెద్దాడొచ్చి తీసుకెళ్తానన్నాడు," అంది అత్తగారు మంచం మీద కూర్చుని, గోడకేసి చూస్తూ.

"ఎన్నాళ్ళకమ్మా?" అన్నాడు చిన్నకొడుకు, ప్రశ్నలమ్మ మొగుడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"ఎన్నాళ్ళేంట్రా, ఇంక అక్కడే ఉంటాలే."

ఆయన బిక్కమొహం వేసి గుమ్మంలో నిలబడ్డ పెళ్ళాం వైపు తిరిగాడు. "నువ్వేమంటావ్?"

ప్రశ్నలమ్మ నోరు తెరిచింది. మాస్కు వెనకాల తెరిచింది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. "నాదేముందండీ, అత్తయ్య ఇష్టం," అంది. అత్తగారు ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసి, తను అనుకున్న జవాబే వచ్చినట్టు తలూపి, మళ్ళీ గోడకేసి తిరిగింది.

ఆ జవాబు ఆమె కనిపెట్టింది కాదు, ఉద్యోగం నేర్పింది. ఆమె ఒక సర్వే కంపెనీలో పనిచేస్తుంది. ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, ఏ సబ్బు వాడతారు, చెత్త బండి వేళకొస్తోందా, సాయంత్రం బస్సులు చాలుతున్నాయా అని అడిగి, చెప్పింది చెప్పినట్టు నొక్కుకుని వస్తుంది. వీధుల్లో వాళ్ళు ఆమెను ప్రశ్నలమ్మ అంటారు, ఎదురుగా కాదు, వెనకాల. తనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు కంటే ఇదే బాగుందని ఆమె నవ్వుకుంటుంది. ఈ పనిలో సొంత పైత్యం కూడదు. "మీరేమంటారమ్మా?" అని జనం ఎదురడిగితే "నాకేమీ లేదండీ, మీరే చెప్పాలి" అనాలి. ట్రైనింగులో మొదట నేర్పేది అదే. ప్రశ్నలమ్మ ఆ పాఠాన్ని ఎంతగా ఒంటబట్టించుకుందంటే, కిటికీలకు ఏ రంగు కర్టెన్లు కొందామని మొగుడు అడిగినా "మీ ఇష్టం" అనేసి, ఆయన ముదురాకుపచ్చవి కొనుక్కొచ్చాక వాటిని చూసినప్పుడల్లా లోలోపల కుళ్ళుకునేది.

అయితే ఈ ఉద్యోగానికి బొత్తిగా పనికిరాని అవయవం ఒకటి ఆమెకు పుట్టుకతో వచ్చింది. మూతి. దాని ఎడమ కొస, ఆమె ప్రమేయమేమీ లేకుండా, పైకి లేస్తుంది. ఎదుటివాళ్ళు ఎంత గంభీరమైన సంగతి చెప్తే అంత పైకి లేస్తుంది. చూసేవాళ్ళకు అచ్చం వెటకారంలా ఉంటుంది. చిన్నప్పుడు క్లాసులో దాని మూలాన చీవాట్లు తింది. పెద్దనాన్న పోయినప్పుడు పలకరించడానికి వెళ్తే, పెద్దమ్మ ఆయన ఆఖరి మాటలు చెబుతున్నంతసేపూ అది లేచే ఉంది. లోపల గుండె తరుక్కుపోతోంది, పైన మూతి మాత్రం పేరంటానికి వచ్చినట్టుంది. ఆ ఇంటివాళ్ళు ఆమెతో మాట మానేసి ఏళ్ళయింది.

ఉద్యోగంలో చేరాక ఆమె అద్దం ముందు నిలబడి దీనికో విరుగుడు కనిపెట్టింది. మూతి లేచినప్పుడల్లా నొసలు ముడిచి, కనుబొమలు రెండూ దగ్గరికి లాగి, కళ్ళు కాస్త చికిలిస్తే, పై సగం కింది సగాన్ని సరిచేసి మొత్తం మీద ముఖం మామూలు మనిషి ముఖంలా కనిపించేది. తక్కెడలో ఒక పక్క మొగ్గితే రెండో పక్క రాయి వేసినట్టన్నమాట. ఏళ్ళ తరబడి చేసేసరికి అది కూడా ఆమె ప్రమేయం లేకుండానే జరిగిపోవడం మొదలైంది. అంటే దేవుడిచ్చిన రోగం ఒకటి, తను కొని తెచ్చుకున్న రోగం ఇంకొకటి.

అంత చేసినా ఫిర్యాదులు పూర్తిగా ఆగలేదు. "మా ఆయన ఉద్యోగం పోయిన సంగతి చెప్తుంటే వెక్కిరించింది," అని ఒకావిడ ఫోను చేసింది. "మురుగు కాలవ గురించి చెప్తుంటే ఇకిలించింది," అని ఒకాయన ఆఫీసుకే వచ్చాడు. సూపర్‌వైజరు మంచివాడే. "మీ పనికి వంక పెట్టలేనమ్మా, ముఖంతోనే వస్తోంది చిక్కంతా," అని తల గోక్కుని, ఆమెను ఎరగని కొత్త పేటకు మార్చాడు.

సరిగ్గా అప్పుడు లోకం మీద జబ్బు పడింది. అందరూ మూతికి గుడ్డ కట్టుకోవలసి వచ్చింది. ఊపిరాడట్లేదని, చెవులు కోసుకుపోతున్నాయని, కళ్ళజోడు మసకేస్తోందని లోకమంతా మాస్కును తిట్టుకుంటుంటే, ప్రశ్నలమ్మ దానికి మనసులోనే దండం పెట్టుకుంది. జబ్బు రావడం మంచిదైందని కాదు, అంత పాపిష్టిది కాదు. కానీ వచ్చిన చెడులో తన వాటా మంచి తను తీసుకుంటే తప్పేముందనుకుంది. అన్నేళ్ళూ పలుపుతాడు వేసి పట్టుకున్న మూతిని ఒక్కసారిగా వదిలేసింది. అది తన ఇష్టం వచ్చినట్టు లేచింది, పడింది, వంకర్లు పోయింది. ఒకే ఒక్కసారి, సొంత గొప్పలు చెప్పుకుంటున్న ఒక ప్లీడరుగారి ముందు, మాస్కు వెనకాల ఆమె నాలుక కూడా బయటపెట్టింది.

ఫిర్యాదులు చటుక్కున ఆగిపోయాయి. అంతే కాదు, జనం తీరే మారిపోయింది. తలుపు తీయగానే సర్దుకుని నిలబడేవాళ్ళు. సెల్లు పక్కన పెట్టేసేవాళ్ళు. సాగదీయకుండా టకటకా జవాబులు చెప్పేవాళ్ళు. ఒకాయనైతే బనీను మీద వచ్చినవాడల్లా ఆమెను చూసి, "ఒక్క నిమిషం" అని లోపలికెళ్ళి చొక్కా తొడుక్కొచ్చాడు. ఇన్నాళ్ళకు తన వృత్తికి దక్కాల్సిన గౌరవం దక్కిందని ప్రశ్నలమ్మ మురిసిపోయింది. పాపం, ఎంత మురిసిపోయిందో చెప్పుకుంటే ఇప్పుడు ఆమెకే సిగ్గేస్తుంది.

ఇంట్లో మాత్రం ఆ రోజులు వేరుగా గడిచాయి. అత్తగారికి జబ్బు తగిలింది. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. రోజంతా మాట్లాడి మాట్లాడి, రిటైరయ్యాక ఆ మాటలన్నీ ఏం చేసుకోవాలో తెలియక కోడలి మీద ప్రయోగించేది. కోడలు వంటింట్లోకి అడుగుపెట్టగానే "వచ్చిందమ్మా వెక్కిరింతల మూతి!" అని మొదలుపెట్టేది. "మీ నోటి కంటే నా మూతే నయం" అని కోడలు అందుకునేది. ఊళ్ళో ఎవరి దగ్గరా అభిప్రాయం లేని మనిషికి అత్తగారి దగ్గర మాత్రం ఉప్పు మొదలు ప్రపంచ రాజకీయాల దాకా అన్నింటి మీదా ఒక అభిప్రాయం ఉండేది. పూటకో పోట్లాట లేకపోతే ఇద్దరికీ తిన్నది అరిగేది కాదు.

ఆస్పత్రి నుంచి తీసుకొచ్చేసరికి అత్తగారు పిడికెడు మనిషైంది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయని, ఇంకో జ్వరం తగిలితే తట్టుకోలేదని, బయట తిరిగొచ్చేవాళ్ళు మాస్కు లేకుండా ఆ గదిలోకి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో అందరికంటే ఎక్కువ గడపలు తొక్కేది ప్రశ్నలమ్మే. ఆమె మాస్కు కట్టుకునే మందులేసింది, ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది, వాంతికి గిన్నె పట్టింది. మాస్కు కట్టుకునే పక్కన కూర్చుని, ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఎగశ్వాస పడుతుంటే చూస్తూ ఉండిపోయింది. మూతి లేస్తుందేమోనన్న బెంగ లేదు కదా. నా ముఖం చూసి ఆవిడ నొచ్చుకునే ప్రమాదం తప్పిందని ఆమె ధీమాగా ఉంది.

అత్తగారు కోలుకుంది. కానీ ఆ నోరు తిరిగి రాలేదు. కోడలు గదిలోకి వస్తే "అక్కడ పెట్టు" అనేది. వెళ్తుంటే "థాంక్స్" అనేది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఎప్పుడూ థాంక్స్ చెప్పి ఎరగరు. ప్రపంచం మొత్తాన్ని ప్రశ్నలడిగే మనిషి, ఆ ఒక్క మాట విన్నప్పుడు ఎందుకని అడగలేదు. నీరసం కాబోలు అనుకుంది. ఇప్పుడు ఏకంగా ఇల్లే వదిలి వెళ్తానంటోంది.

ప్రశ్నలమ్మకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. కన్నతల్లికి చేసినట్టు చేశాను, పెద్దకోడలింట్లో లిఫ్టూ బాల్కనీ ఉన్నాయని అటు పోతోంది, పోనీ, నాకేం, అనుకుంది. మూడు గిన్నెలు తోమాల్సిన చోట అయిదు తోమింది. తోమినవే మళ్ళీ తోమిందన్నమాట.

ఆ వారమే కంపెనీ కొత్త సర్వే ఒకటి అప్పగించింది. మాస్కు తప్పనిసరి అన్న నిబంధన అప్పటికే ఎత్తేశారు. జబ్బు మాత్రం ఇంకా అక్కడో ఇక్కడో తిరుగుతూనే ఉంది. ఇకమీదట కూడా మాస్కు పెట్టుకోవడం కొనసాగిస్తారా, తప్పకుండానా, అప్పుడప్పుడూనా, లేదా, చెప్పలేరా? అదీ ప్రశ్న. మిగతావాళ్ళ పేటల్లో జవాబులు కలగాపులగంగా వచ్చాయి. పిల్లలకు తన మాట వినపడక గొంతు పోయిందని, మాస్కు ముఖం మళ్ళీ చూడనని ఒక టీచరు చెప్పిందట. మీటింగుల్లో హాయిగా ఆవలించొచ్చు కాబట్టి వదలనని ఒక గుమాస్తా అన్నాడట. బస్సెక్కితే పెట్టుకుంటాను, పెళ్ళికెళ్తే తీసేస్తాను, జబ్బుకు ఆ తేడా తెలుస్తుందో లేదో నాకు తెలియదు అని నిజాయితీగా ఒప్పుకున్నాడట ఇంకొకాయన.

ప్రశ్నలమ్మ పేటలో అలాంటి గందరగోళమేమీ లేదు. అడిగిన ప్రతి మనిషీ "తప్పకుండా" అన్నాడు. "మేం తియ్యనే తియ్యమండీ," అంది ఒకావిడ వట్టి ముఖంతో నిలబడి. "పడుకునేటప్పుడు కూడా పెట్టుకుంటాం," అన్నాడు ఆవిడ మొగుడు వెనక నుంచి. "కావాలంటే మా కుక్కక్కూడా కడతాం," అన్నాడు పక్కింటాయన. వీధిలో ఆ చివర నుంచి ఈ చివరదాకా మాస్కు ఉన్నది తనొక్కతెకే అని ఆమె గమనించకపోలేదు. గమనించి, జనానికి జ్ఞానోదయం అయింది, ఇంక కొనుక్కోవడమే తరువాయి అనుకుంది. మరి ఆ జ్ఞానోదయం తన వార్డులోనే ఎందుకయిందంటే, బహుశా తను అడిగే పద్ధతి అలాంటిది.

సూపర్‌వైజరు ట్యాబ్ ముందు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఎక్కడైనా కూర్చుని మీరే నొక్కేశారా అమ్మా?"

"ఒట్టండీ! వాళ్ళు చెప్పిందే నొక్కాను."

"మాస్కు పెట్టుకుని వెళ్ళి మాస్కు కావాలా అనడిగితే వద్దని ఎవరంటారు చెప్పండి? రేపు మళ్ళీ ఓ పదిళ్ళకి వెళ్ళండి. గేటు బయటే, దూరంగా నిలబడండి. మాస్కు తీసేసి అడగండి."

"తీసేసా?" అంది ప్రశ్నలమ్మ, బట్టలిప్పి వెళ్ళమన్నట్టు. తర్వాత, అలవాటు కొద్దీ, "మీ ఇష్టమండీ" అంది.

మర్నాడు శనివారం. తెల్లవారితే అత్తగారి ప్రయాణం. మొగుడు అప్పటికే అటక మీంచి పెద్ద బ్యాగు దించాడు. ప్రశ్నలమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులేసుకుని బయటపడింది. వీధి మలుపు దాకా వచ్చి మాస్కు తీసి సంచిలో పెట్టుకుంది. చెంపలకు గాలి తగిలింది. మూతి ఎడమ కొస, చాలా కాలం తర్వాత ఎండ చూసిన సంతోషంలో కాబోలు, అప్పుడే లేచి కూర్చుంది. అయిపోయింది, ఇవాళ ఎవరి చేతిలోనో దెబ్బలు తప్పవు అనుకుంటూ మొదటి గేటు తట్టింది.

తియ్యనే తియ్యమన్న ఇల్లాలే వచ్చింది. ప్రశ్న విని పకపకా నవ్వింది. "మాస్కా? అవెప్పుడో తుడుపు గుడ్డల్లో కలిశాయమ్మా."

"మొన్న తప్పకుండా పెట్టుకుంటామన్నారు కదండీ?"

"అదా!" ఆవిడ గొంతు తగ్గించి గేటు దగ్గరికి వచ్చింది. "మొన్నొకావిడొచ్చిందిలే. మునిసిపాలిటీ ఆవిడ. అబ్బో, ఏం చూపు! పెట్టుకోం అంటే అక్కడే చీల్చేసేలా ఉంది. మా ఆయన భయపడి పడుకునేటప్పుడు కూడా పెట్టుకుంటామనేశాడు. నువ్వు నయం తల్లీ, నవ్వుతూ అడుగుతున్నావు."

ప్రశ్నలమ్మ ఆ మాటలు అర్థం చేసుకునేలోపే పక్కింటి కుక్కాయన గోడ మీదుగా తల పెట్టాడు. "ఆవిడేనా? ఆవిడ మనుషుల్లో లెక్కకాదండీ. మా వాడు పోస్టుమ్యాన్‌ని కూడా వదలడు, ఆవిడ్ని చూసి మంచం కింద దూరాడు." 'మా వాడు' అంటే కుక్క. అది ఇప్పుడు గేటు సందులోంచి మూతి పెట్టి ప్రశ్నలమ్మ చేయి నాకుతోంది.

ఏ ఇంటికెళ్ళినా అదే పాట. ఒక్కరూ ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె గురించి ఆమెకే చెప్పారు. పళ్ళు నూరుతూ వచ్చిందన్నారు. ప్రశ్న అడుగుతుంటే కనుబొమలు కత్తుల్లా కలిశాయన్నారు. ఒక తల్లి అయితే, అన్నం తినకపోతే ట్యాబావిడొస్తుందని చెప్పి రెండు రోజులుగా పిల్లకు తినిపిస్తోందట. చొక్కా తొడుక్కొచ్చిన పెద్దమనిషి గౌరవంతో తొడుక్కోలేదు, అరెస్టు చేస్తుందేమోనని తొడుక్కున్నాడు.

వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. యజమాని కూడా మొన్న "తప్పకుండా" అన్నవాడే. ప్రశ్నలమ్మ దుకాణం బయటే నిలబడి, ఇంక సర్వే సంగతి పక్కన పెట్టి, "మొన్నొచ్చింది నేనేనండీ," అంది.

ఆయన నమ్మలేదు. "మీరా? భలేవారే."

ఆమె సంచిలోంచి మాస్కు తీసి కట్టుకుంది. ఆయన కుర్చీలో అరడుగు వెనక్కి జరిగాడు. "పొద్దస్తమానం కళ్ళు చూసుకుంటూ బతికేవాణ్ణి కదా, నేనే జడుసుకున్నానమ్మా," అన్నాడు క్షమాపణ చెబుతున్నట్టు. తర్వాత, కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు చూసుకునే చేతి అద్దం ఆమె ముందుకు తోశాడు.

అందులో ఒక భయంకరమైన ఆడమనిషి కనిపించింది. నొసటి మీద లోతుగా రెండు గీతలు. కనుబొమలు కలిసిపోయి ఉన్నాయి. కళ్ళు ఎవరి పీక కొరకాలా అని వెతుకుతున్నట్టున్నాయి. "మీరు మాస్కు పెట్టుకోవడం కొనసాగిస్తారా?" అని మాస్కు వెనక నుంచి మెత్తగా అడిగి చూసింది ప్రశ్నలమ్మ. అడిగింది తను కాబట్టి సరిపోయింది, ఇంకెవరైనా అయితే తను కూడా తప్పకుండా అనే చెప్పేది. ఆ రాయి తను వేసిందే, మూతికి సరితూగడానికి. మూతిని దాచేసింది గానీ రాయిని తీయడం మరిచిపోయింది. తక్కెడలో ఇన్నాళ్ళూ ఆ ఒక్క పళ్ళెమే జనానికి కనిపించింది.

ఆమెకు పొట్టచెక్కలయ్యేలా నవ్వొచ్చింది. గౌరవమట! వృత్తి నైపుణ్యమట! దుకాణాయన కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా అద్దంలో ఆ కళ్ళు అలాగే ఉండటం కనిపించింది. తను ఇంతగా నవ్వుతున్నా వాటిలో నవ్వు జాడ లేదు. గిన్నె పట్టుకుని అత్తగారి పక్కన కూర్చున్నన్నాళ్ళూ ఆవిడకు కనిపించింది ఇవే అన్న సంగతి అప్పుడు తట్టింది. ఆమె నవ్వు ఆగిపోయింది. అద్దం బల్ల మీద పెట్టి, ట్యాబ్ అక్కడే మరిచిపోయి, ఇంటికి పరుగులాంటి నడక నడిచింది.

వాళ్ళది కింది వాటా. అత్తగారి గది కిటికీ సందులోకి ఉంటుంది. ప్రశ్నలమ్మ గుమ్మంలోకి వెళ్ళకుండా సందులోకి తిరిగి, కిటికీకి నాలుగడుగుల దూరంలో ఆగి, ఆయాసపడుతూ పిలిచింది. లోపల అత్తగారు మంచం మీద బ్యాగు తెరుచుకుని బట్టలు మడతపెడుతోంది.

"తలుపు తీసే ఉందిగా," అంది తలెత్తకుండా.

"లోపలికి రాను అత్తయ్యా. ఇటు చూడండి." ఆమె మాస్కు లాగేసింది.

అత్తగారు చూసింది. చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని చాలాసేపు చూసింది. "చిక్కిపోయావే," అంది. "చెంపలు పీక్కుపోయాయి."

ప్రశ్నలమ్మ తనకు తెలిసిన పనే చేసింది, ప్రశ్న అడిగింది. "మీకు మందులేసేటప్పుడు నేను మిమ్మల్ని ఎలా చూసేదాన్ని?"

"ఇప్పుడెందుకవన్నీ?"

"చెప్పండి. చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

అత్తగారు తువ్వాలు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "ఈ ముసల్ది ఎప్పుడు పోతుందా అన్నట్టు చూసేదానివి," అంది మెల్లగా. "నీదేం తప్పులేదులే. ఎంత చేశావో నాకు తెలుసు. ఒళ్ళు తుడిచావు, గిన్నెలెత్తావు. ఎవరికైనా విసుగొస్తుంది. ఒక్కసారైనా నవ్వుతావేమోనని నీ కళ్ళే చూసేదాన్ని. అసలు నువ్వు పక్కన కూర్చుంటే ఊపిరి గట్టిగా తీయాలన్నా భయమేసేది నాకు. అందుకే పోతానన్నాను. వాడు నిన్నడిగితే నువ్వు ఉండమంటావేమోనని చూశా. అత్తయ్య ఇష్టం అన్నావు."

ప్రశ్నలమ్మ అరచేత్తో మూతి మూసుకుంది. "ఇదిగో చూడండి, ఇప్పుడు నేను నవ్వుతున్నా." చేయి తీసింది. నవ్వుతోంది. మళ్ళీ మూసుకుంది. "ఇప్పుడూ నవ్వుతున్నా." మళ్ళీ తీసింది. "నా మొహం ఇంతే అత్తయ్యా. పై సగానికీ కింది సగానికీ పొత్తు లేదు. మూతి దాచుకోడానికి నేనే నొసలు ముడవడం నేర్చుకున్నా, ఇప్పుడది నేను వద్దన్నా ముడుచుకుంటోంది. భయమేస్తే ఇంకా ఎక్కువ ముడుచుకుంటుంది. మీకు ఊపిరందకపోతే నాకు ప్రాణం పోయినంత భయమేసేది. అది భయం అత్తయ్యా, విసుగు కాదు."

అత్తగారు కిటికీ ఊచ పట్టుకుని ముందుకు వంగింది. మూసిన ముఖాన్నీ తెరిచిన ముఖాన్నీ కొత్తగా చదువుతున్నట్టు ఆవిడ కళ్ళు పైకీ కిందికీ తిరిగాయి. "ఆ మూతి ఒక్కసారి కనపడితే నాకు తెలిసిపోయేదే," అంది. "ఆ వెక్కిరింత చచ్చిపోయిందనుకున్నా."

"మీరు వెళ్ళడం నాకు ఇష్టం లేదు," అంది ప్రశ్నలమ్మ. అంత గట్టిగా అంటుందని ఆమె కూడా అనుకోలేదు. సందులో వెళ్తున్నవాళ్ళెవరో ఆగి చూశారు. "ఇది నా అభిప్రాయం. అక్కడ లిఫ్టుంటే ఉండనివ్వండి. మీరు వెళ్ళడానికి వీల్లేదు. నన్ను తిట్టేవాళ్ళు లేకపోతే నేను ఎవరి మీద అరవాలి? ఆ ఆకుపచ్చ కర్టెన్లు కూడా నాకు నచ్చలేదు. మొదట్నుంచీ నచ్చలేదు."

అని ఏడవడం మొదలుపెట్టింది. కన్నీళ్ళు ధారగా కారుతుంటే, మూతి ఎడమ కొస తన జన్మలో ఎన్నడూ లేనంత పైకి లేచింది.

"ఏడుస్తూ కూడా వెక్కిరిస్తావేంటే," అంది అత్తగారు. ఆవిడ నవ్వుతోంది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు ఆగక ఆవిడ మంచం మీదికి ఒరిగింది. ప్రశ్నలమ్మ అన్నీ మరిచిపోయి వట్టి ముఖంతోనే గుమ్మం వైపు పరుగెత్తబోయింది.

"ఆగు!" అంది అత్తగారు దగ్గు మధ్యలోంచి చెయ్యెత్తి. ఊపిరి కూడదీసుకోవడానికి కాస్త సమయం పట్టింది. "ఊరంతా తిరిగొచ్చావు. మాస్కు కట్టుకుని రా. నా మందుల వేళైంది. నీ ఇష్టం వచ్చినట్టు చూడు, ఇంక నాకేం భయం లేదు, కింద ఏముందో నాకు తెలుసుగా."